నాయన ఉన్న క్యాసెట్టు

చంద్రగిరిలోని ఆ ఆడపిల్లల హైస్కూల్లో టీవీకీ వీడియో పెట్టెకీ తీగలు కలపడం తెలిసిన మనిషి ఒక్కతే, సుబ్బులమ్మ టీచరు. ఈ మాట ఆమె తానుగా ఎవరితోనూ అనేది కాదు గానీ, పక్కవాళ్ళు అంటుంటే వద్దనేదీ కాదు.

ఎనభై ఏడులో ఊళ్ళో నూనె మిల్లాయన ఒకడు స్కూలుకి కలరు టీవీ, దాంతోపాటు వీసీఆరు కొనిచ్చాడు. హెడ్మాస్టరు మునికృష్ణ వాటిని చూసి మురిసిపోయాడే తప్ప చెయ్యి పెట్టలేదు. "నాకు ఇస్త్రీపెట్టె అంటేనే దడమ్మా, నువ్వు పొయ్యి నేర్చుకోనిరా" అని ఆమెను చిత్తూరులో శిక్షణకి పంపాడు. వచ్చాక ఆమె నడకే మారిపోయింది. యాంటెనా తీగను టీవీలోంచి పీకి వీసీఆరు వెనక పెట్టాలి, వీసీఆరులోంచి ఇంకో తీగ తెచ్చి టీవీకి పెట్టాలి, టీవీలో ఒక మీట తిప్పుతూ పోతే బొమ్మ దొరుకుతుంది. అంతే! ఆ అంతే చూడడానికి లెక్కల మేష్టర్లు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

అయితే సుబ్బులమ్మ ఇంత పట్టుపట్టి నేర్చుకున్నది స్కూలు కోసం ఒక్కటే కాదు. అంతకు ముందటేడు తిరుచానూరులో చెల్లెలు వరదమ్మ పెళ్ళి జరిగింది. తిరుపతి నుంచి ఏకాంబరం అనే అతను వచ్చి వీడియో తీశాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే నాయన ధనంజయ అంగట్లో బెల్లం తూస్తూ తూస్తూ పక్కకు ఒరిగిపోయాడు. ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది. ఆయన మాట, ఆయన నడక మిగిలింది ఆ క్యాసెట్టులోనే. ఏకాంబరం దగ్గర ఇంకో ప్రతి ఉందా అంటే, అతను ఒకరి పెళ్ళి మీద ఇంకొకరి పెళ్ళి పట్టుకుంటూ పోయే రకం.

అమ్మ సిద్ధమ్మ దాన్ని చూడనేలేదు. ఇంట్లో టీవీ లేదు, మొగుడు పోయిన మనిషి సంవత్సరీకం అయ్యేదాకా ఒకరి గడప తొక్కకూడదాయె. క్యాసెట్టును దేవుడి గూట్లో పెట్టుకుని ఏడాదంతా అదే ప్రశ్న.

"మీ నాయన అందులో నన్ను పిలస్తాడా మే?"

"పిలస్తాడమ్మా. కన్యాదానం కాడ 'సిద్దీ, నీళ్ళు సన్నంగా పొయ్యి' అంటాడు. ఏకాంబరం అంగట్లో నేను విన్నాను గదా."

"ఆ ఒక్క మాట వినిపించు తల్లీ. ఇంకేమీ అడగను నిన్ను."

సంవత్సరీకం అయిపోయింది. స్కూల్లో పెట్టెకి పూజ చేసే రోజూ వచ్చింది. కొత్త వస్తువులో మొట్టమొదట పడే బొమ్మ శుభమైనది అయ్యుండాలని హెడ్మాస్టరు పట్టు. "కప్పలూ బల్లులూ తర్వాత సూసుకుందాం, ముందు పెండ్లి పడాల" అన్నాడు. సుబ్బులమ్మకు కావలసిందీ అదే. మా వరదమ్మ పెళ్ళి వేస్తాను సార్, అమ్మను కూడా తెచ్చుకుంటాను అంది. ఆయన సంతోషంగా తలాడించాడు.

"పూజకి నేను ఎదురు రాకూడదు, అదయినాక వచ్చి తీసుకపో" అంది సిద్ధమ్మ. పొద్దున గూట్లోంచి క్యాసెట్టు తీస్తుంటే మూలన పచ్చగా కనిపించింది. ఆ ఇంట్లో తలుపుకీ, ట్రంకుపెట్టెకీ, కుట్టుమిషనుకీ అన్నిటికీ పసుపే గదా అని సుబ్బులమ్మ రెండోసారి చూడలేదు.

పూజవేళ పెట్టె నోరు ఖాళీగా ఉండకూడదని క్యాసెట్టు లోపల పెట్టే హారతిచ్చారు. టెంకాయ కొట్టారు, పిల్లలకు బెల్లం పంచారు. ఆ సమయానికి టీవీలో హైదరాబాదు నుంచి స్కూలు పాఠం మొదలు కాబోతోంది. అంతవరకు అల్లంత దూరాన నిలబడిన హెడ్మాస్టరుకు హారతి కళ్ళకద్దుకున్నాక ధైర్యం వచ్చినట్టుంది.

"పాఠం పట్టుకుంటుందంటివే, ఏది, నన్ను నొక్కనీ ఒకసారి."

"కొత్త క్యాసెట్లు ఇంకా రాలేదు సార్. లోపల ఉండేది పెండ్లిది."

"దాని మీదే నొక్కితే?"

సుబ్బులమ్మ నవ్వింది. చిత్తూరులో నేర్చిన విద్యంతా ఆ నవ్వులో ఉంది. "క్యాసెట్టు మూలన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది సార్. దీనికి ఏకాంబరం ముక్క విరిచేసినాడు. ముక్క లేనిదాని మీద ఇంకేదీ ఎక్కదు, పెట్టే బయటికి తోసేస్తుంది. మీరేం నొక్కినా దానికేం కాదు" అని చెప్పి, రికార్డు మీట ఏదో కూడా చూపించి, అమ్మను తేవడానికి ఇంటికి పోయింది.

ఇంటి దగ్గర సిద్ధమ్మ ఒక పట్టాన తెమల్లేదు. వరదమ్మ పెళ్ళికి కట్టిన చీరే వెతికి కట్టుకుంది, తల రెండుసార్లు దువ్వించుకుంది. "నాయన నిన్ను సూస్తాడా ఏందమ్మా?" అని కూతురు ఎగతాళి చేస్తే, "ఆయన సూడకపోతే పాయె, నేను సూస్తాను గదా" అంది. దారిలో ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంటూ నడిచింది.

తరగతిలో ముందు వరసన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వెనక నేల మీద ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. హెడ్మాస్టరు ముఖం వెలిగిపోతోంది.

"నన్నేం తోసెయ్యలేదమ్మా నీ పెట్టె! పాఠమంతా పట్టేసినాను, సూడు!"

"అది ఎక్కదు సార్, మీకట్లా అనిపించింటుంది" అని నవ్వుతూనే సుబ్బులమ్మ క్యాసెట్టు మొదటికి తిప్పి మీట నొక్కింది.

తెర మీద కప్ప! వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కోసిన కప్ప. "కప్ప గుండెలో గదులు మూడు" అంటోంది ఒక గొంతు.

పిల్లలు గొల్లుమన్నారు. సుబ్బులమ్మకు నవ్వు రాలేదు, భయమూ రాలేదు, ఇంకా పాఠం టీవీలో నడుస్తున్నట్టుంది అనుకుంది. పెట్టె వెనక్కి పోయి యాంటెనా తీగ పీకేసింది. తీగ చేతిలో ఉంది. కప్ప మాత్రం కదల్లేదు, తెర మీదే ఉంది. అంటే అది గాల్లోంచి వచ్చే బొమ్మ కాదు, క్యాసెట్టులోంచి వస్తున్న బొమ్మ. దేవుడా, దేవుడా అని పైకే అనేసింది.

"పెండ్లి యాడ మే?" అంది సిద్ధమ్మ.

సుబ్బులమ్మ ముందుకు తిప్పింది. కప్ప పోయి గుండె బొమ్మ, గుండె పోయి రక్తనాళాలు. పాఠం అయిపోయి తెరంతా చుక్కలై, ఆ వెంటనే పెళ్ళి వచ్చింది. అప్పటికే భోజనాల పంక్తులు. వరుడి కాళ్ళు కడగడం లేదు, కన్యాదానం లేదు. ఆకుల ముందు ఎవరెవరో కూర్చుని తింటున్నారు. చివరిదాకా తిప్పింది. నాయన ఎక్కడా లేడు. వంటవాళ్ళ దగ్గరే నిలబడిపోయి ఉంటాడు ఆ మహానుభావుడు!

క్యాసెట్టు బయటికి తీసింది. మూలన ప్లాస్టిక్ ముక్క విరిచిన చోట బొక్క లేదు. వరదమ్మ శుభలేఖను పసుపు పూసిన మూల దగ్గర కత్తిరించి, మైదా జిగురుతో చక్కగా, గట్టిగా అతికించి ఉంది. గీతంత సందు కూడా లేకుండా అతికిన పనితనం అది. పెట్టె దాన్నే ప్లాస్టిక్ ముక్క అనుకుంది. అది ఎవరి చెయ్యో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. విరిగిన వస్తువు దేవుడి గూట్లో ఉంటే అరిష్టమని పగిలిన గిన్నెమూత కూడా ఉండనివ్వని మనిషి సిద్ధమ్మ. మొగుడు ఉన్న క్యాసెట్టును విరిగినట్టు ఎట్లా ఉండనిస్తుంది?

"ఎక్కదంటివే సుబ్బులమ్మా!" హెడ్మాస్టరు గొంతు పీలగా వచ్చింది. "ఏం నొక్కినా ఏం కాదంటివే! ఎట్లా ఎక్కిందమ్మా?"

సిద్ధమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏం జరిగింది? ఆయన మాట యాడ? ఎవురేం చేసినారు?"

సుబ్బులమ్మ బొటనవేలు ఆ అట్టముక్క మీదికి పోయింది. గోరుతో గీకింది. ఊడొచ్చిన ముక్కను పిడికిట్లో మూసుకుంది.

"తీగలు మార్చి పెట్టినాను సార్" అంది. "ఇటుది అటు, అటుది ఇటు. తప్పు నాదే. చెరిగిపోయిందమ్మా. నావల్లే చెరిగిపోయింది."

ఎనిమిదో తరగతి అంతా చూస్తుండగా సిద్ధమ్మ కూతురి చెంప పగలగొట్టింది. "నీ సదువు మంట్లో పొయ్యా! మీ నాయన్ను రెండోసారి సంపితివి గదే!" అని నేల మీద కూలబడింది. సుబ్బులమ్మ చెంప తడుముకోలేదు, అమ్మను లేపడానికి వంగింది.

స్కూల్లో తీగలు కలిపే పని ఆమె దగ్గరనుంచి తీసేశారు. ఇంట్లో సిద్ధమ్మ చాలా రోజులు ఆమె చేత్తో పెట్టిన అన్నం ముట్టలేదు. చూడవచ్చిన వాళ్ళందరికీ, పెద్దకూతురు నాయన్ను తుడిచేసిందని చెప్పి చెప్పి ఏడ్చేది. విని వరదమ్మ కూడా అక్కతో మాట మానేసింది. ఎవరు అడిగినా సుబ్బులమ్మది ఒకటే జవాబు, అవును, నేనే.

ఏడుపు కొంత తగ్గాక ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని సిద్ధమ్మే నోరు విప్పింది.

"పోనీలే, ఏడవకు. తెలిసి చేస్తివా ఏమన్నా. నేను ఒకటి తలుసుకుని మనసు రాయి చేసుకున్నాను. అది నా చేతుల మీదుగా పోలేదు. నా చేత్తో పొయ్యింటే మాత్రం, ఆ దినమే బాయిలో పడేదాన్ని."

"అవునమ్మా" అంది సుబ్బులమ్మ. "నీ చేత్తో పోలేదు."