మిగిలిన రొట్టెలు

మే నెలలో ఒక శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. చెన్నూరులో మబ్బు లేదు. గాలి అప్పటికే వేడెక్కింది. సరిహద్దు పోస్టులో సైనికులకు వంట చేసే మా అబ్బాయి ఫోన్ చేశాడు. దాడులు తగ్గాయనీ, అందరూ క్షేమమనీ వాళ్ల పెద్ద అధికారి ముందురోజే కుటుంబాలన్నిటికీ సందేశం పంపాడు. దానిని నేను డైరీలో రాసుకున్నాను.

"అందరు మంచిగున్నరని మీ సాబ్ రాసిండు గదరా," అన్నాను.

"సాబ్ కింద క్యాంపుల ఉంటడు బాపు. ఆయనకు మ్యాపు కనబడుతది, నాకు గిన్నె కనబడుతది."

పోస్టులో ఎందరున్నారో ఫోన్‌లో చెప్పకూడదు. మనిషికి నాలుగు రొట్టెలు లెక్కపెట్టి చేయడం వాడి పద్ధతి. అందుకే అడిగాను: "రాత్రి ఎన్ని మిగిలినయిరా?"

"ఎనిమిది."

"ఆకలి లేక తినలేదేమో."

"ఆకలి లేనోడు జేబుల పెట్టుకపోతడు బాపు. మళ్ల షురువైంది, పెడుతున్న. అవ్వకు చెప్పకు."

వెనుక పేలుడు వినిపించి ఫోన్ తెగింది. ఎనిమిదిని నాలుగుతో భాగించి, డైరీలో ఆ సందేశం కింద రెండు అని రాశాను. ఆ తరువాత పదకొండు రోజులు వాడి ఫోన్ రాలేదు. అధికారి సందేశం మాత్రం రెండుసార్లు వచ్చింది. రెండింటిలోనూ అందరూ క్షేమమే. నేను ఫోన్ మోగినా భయపడ్డాను, మోగకపోయినా భయపడ్డాను. ఇంటిముందు ఏ బండి ఆగినా గడప దాటలేకపోయాను.

పోరు ఆగాక వాడు సెలవు మీద వచ్చి లెక్క చెప్పాడు. పోస్టుకు ఎక్కినవారు ఇరవై ఆరుగురు, బతికి దిగినవారు ఇరవై ముగ్గురు.