త్యాగరాజుగారి స్లీపర్ల కొలత

నిమ్‌పురా త్యాగరాజుగారికి మీటర్లతో పనిలేదు. ముప్పై నాలుగేళ్లు పట్టాల మేకులు బిగించే కీమాన్‌గా సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచిన మనిషి. అడుగు తీస్తే పట్టాల కింది అడ్డదిమ్మెల పైనే, ఒక స్లీపర్ మీంచి మరో స్లీపర్ మీదకే. రిటైరైంది ఆయన గానీ, కాళ్లు కాదు. గుళ్లో ప్రదక్షిణాలూ ఆ పొట్టి అడుగులతోనే. వెనకవాళ్లు వీపుకి గుద్దుకుని ఎంత విసుక్కున్నా ఆయనకు పట్టదు, లెక్కలో ఉంటారు మరి!

ఆయన పెరటి వెనక ఒకప్పుడు పెద్ద చిత్తడి నేల. చెత్త పడి, గుర్రపుడెక్క అల్లుకుని సగం ఎండిపోయింది. ఆ ఎండిన చోట ఆయన భార్య లలితాంబగారు గోంగూర మడి వేశారు. శ్రీకాకుళం విత్తనం, ఇరవై రెండేళ్ల మడి. రైలు పనికి వలసొచ్చిన నిమ్‌పురా తెలుగువాళ్లింట ఏ పెళ్లయినా పచ్చడికి ఆకు అక్కణ్ణుంచే. ఒక్క మొక్క తొక్కితే ఆవిడ మూడు రోజులు మాట్లాడరు.

ఈ ఏడు నీటి వనరుల శాఖవాళ్లు ఆ చిత్తడిని మళ్లీ బతికించే పని పెట్టుకున్నారు. వాననీరు అందులోకి మళ్లితే వీధులు మునగవు, బావులు ఎండవు. మంచి పనే, కాదన్నవాడెవడు? కాకపోతే పాత నీటి అంచు ఎక్కడిదో పాతవాళ్లనడిగి రాళ్లు పాతుతారట, ఆ రాళ్ల లోపలిదంతా నీటికేనట.

“రేపు అడిగితే నీరు మడికి అవతలున్న తాటిచెట్టు కాడికే వచ్చీదని సెప్పండి,” అన్నారు లలితాంబ. “మరింక నోరు మెదపొద్దు.”

“అబద్ధం సెప్పమంతావేటే?”

“నిజం కావాలా, గోంగూర కావాలా?”

త్యాగరాజుగారు పచ్చడన్నం ముద్ద నోట్లో పెట్టుకుని బాగా ఆలోచించారు. గోంగూరే కావాలన్నారు.

మర్నాడు శాఖ తరఫున సర్వేకి హరిచందన వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడే ఇంజనీరింగ్ చదువుకుంది.

“నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవి తాతగారూ?”

“అదిగో, ఆ తాటిచెట్టు కాడికమ్మా.”

లలితాంబగారు ఊపిరి పీల్చుకున్నారు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది!

“అవతలి గట్టు నుంచి ఓ నలభై మీటర్లుంటుందేమో. ఉజ్జాయింపుగా రాసుకుంటాలెండి,” అంది ఆ పిల్ల.

ఉజ్జాయింపు! ఆ మాటకి త్యాగరాజుగారి ఒళ్లు మండిపోయింది.

“ఉజ్జాయింపేటమ్మా? తాటిచెట్టు అరవై ఒక్క స్లీపర్లు. నీరు తొంభై రెండు స్లీపర్ల దాకా వచ్చినాది. వరదేడు నేనే మేకు కొట్టినాను!”

అనేశాక నాలిక కరుచుకున్నారు. కానీ కాళ్లు ఆగితేనా? అవతలి గట్టెక్కి, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, తొంభై రెండో అడుగు సరిగ్గా గోంగూర మడి నడుమ వేశారు. మన్ను గీకితే తుప్పు పట్టిన మేకు బయటపడింది. “సూసినావా తల్లీ!” అని విరగబడి నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయారు.

లలితాంబగారు గిరుక్కున లోపలికి వెళ్లారు. పాపం, ఏడుస్తోందనుకున్నారాయన. ఆవిడ ఆయన సుత్తే పట్టుకుని బయటికొచ్చారు. త్యాగరాజుగారు రెండు స్లీపర్లు వెనక్కి తగ్గారు.

“అమ్మా, ఈయన కొలత తప్పు.”

“నా కొలత తప్పా!”

“తప్పే. మీరు మేకు కొట్టిన్నాటికి నీరు సగం తీసీసినాది. అంతకు ముందు పది రోజులూ మీరు డ్యూటీలోనే ఉన్నారు. ఇంట్లో నీరు తోడింది నేను.”

ఆవిడ నేరుగా పెరటి అరుగు దగ్గరికి నడిచారు. రోజూ సాయంత్రం త్యాగరాజుగారి పేకాట అక్కడే. అరుగు పక్క గోడ మీద వరద నాడు తాను కత్తిపీటతో గీసిన గీతని సుత్తితో టక్కున కొట్టి చూపించారు.

“రాయి ఇక్కడ పాతించమ్మా.”

“అది నా అరుగే!”

“అది నా మడి.”

హరిచందన మడీ రాసుకుంది, అరుగూ రాసుకుంది.

పని పూర్తయ్యాక ఆషాఢం వానలకి నీరొచ్చింది. తాటిచెట్టు దాటింది, గోంగూరని ముంచింది, అరుగెక్కి గీత దగ్గర నిలబడిపోయింది. వేలెడు అటూ ఇటూ లేదు. త్యాగరాజుగారు గొడుగేసుకుని చాలాసేపు చూశారు. బాధ మడి కోసమో కొలత కోసమో ఆయనకే తెలియలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

“నీ కొలతే కరెక్టు లలితా.”

ఆవిడ గోంగూర విత్తనాల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

“మీ పేకాట జట్టుని పిలిసి డాబా మీదకి మన్ను మోయించండి. మడి అక్కడేద్దాం.”

“ఎన్ని స్లీపర్లు పొడుగుండాలి?”

“మీరు మొయ్యండి. కొలత నేను సెప్తాను.”