చీనీ తోటకు అందని సిగ్నల్

ఆంజినమ్మ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఊరికి దూరంగా, ఇసుక వాగులాంటి వంక దాటాక పల్లంలో ఉండేది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ రెండెకరాలూ ఆమే చూసుకునేది. మోకాళ్లు అరిగిపోయి కర్ర లేనిదే అడుగు పడేది కాదు. అయినా చెట్లు పచ్చగా ఉన్నాయంటే, గార్లదిన్నెలో మోటార్లు బాగుచేసే తిప్పయ్య బిగించిన పెట్టె వల్లే. అందులో ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఇంటి దగ్గర కూర్చుని దానికి ఫోన్ చేసి ఒక అంకె నొక్కితే తోటలో మోటారు ఆడుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది.

బోరులో నీళ్లు తక్కువ. మోటారు కాసేపు పోసి గాలి పీలుస్తుంది. అప్పుడు ఆపి, ఊట చేరాక మళ్లీ వేయాలి. ఆపకపోతే మోటారు కాలిపోతుంది. ఎంతసేపటికి ఆపాలో ఆమెకు లెక్క తెలుసు. అందుకే కరెంటు ఉన్నంతసేపూ ఫోను పక్కన పెట్టేది కాదు.

ఎండలు ముదిరే వేళకు ఒకరోజు పెట్టె పలకడం మానేసింది. తిప్పయ్య వచ్చి చూశాడు.

"పెట్టె బాగానే ఉండాది పెద్దమ్మా. ఇది టూజీది. మన టవరులో టూజీ తీసేసి, ఆ తరంగాలు ఫోర్జీకి ఇచ్చేసినారంట."

"నా ఫోను పలుకుతాండాది కదప్పా?"

"నీది ఫోర్జీ ఫోను. దీనికి ఆ భాష తెల్దు."

వారం తర్వాత అతను ఫోర్జీ పెట్టె తెచ్చాడు. అంగట్లో బాగా పనిచేసిన పెట్టె తోటలో ఉలకలేదు, పలకలేదు. వేరే కంపెనీ సిమ్ వేసి చూశాడు. ఆ పల్లానికి దాని సిగ్నల్ అసలు అందదు. బెంగళూరులో పెట్టె అమ్మినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని వచ్చి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఫోర్జీలో గూడా బ్యాండ్లని శానా ఉండాయంట. ఈడికి అందేది ఒకటే. ఈ పెట్టె వేరే దేశానికని చేసింది, ఆ బ్యాండు పట్టదు. సరైంది తెప్పిస్తా. అంతవరకు ఆటో పెట్టిపోతా. కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆడతాది. ఆపేదానికి మాత్రం నువ్వు ఈడ ఉండల్ల."

"ఉంటాలేప్పా. యాడికి పోతా."

రోజూ పొద్దున్నే సంగటి మూట కట్టుకుని తోటకు పోయి కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇక రాదనుకుని, ఆటో తీయకుండానే ఇంటిదారి పట్టింది. వంకలోకి దిగాక వెనక తోటలో గొట్టంలోంచి నీళ్లు పడే చప్పుడు వినిపించింది. తిరిగి నడిచింది. ఇసుకలో కర్ర దిగబడి పడింది. లేచి, చేతులతో పాకుతూ గట్టెక్కింది. నీళ్ల చప్పుడు ఆగిపోయి, గొట్టం ఒట్టిగా గాలి ఊదుతుండటం ఆమెకు తెలుస్తూనే ఉంది. స్టార్టరు దగ్గరికి చేరేసరికి మోటారు కాలి, అదీ ఆగిపోయింది.

ఆ ఎండల్లో అన్ని ఊళ్ల మోటార్లూ కాలుతున్నాయి. బోరులోంచి మోటారు ఎత్తే బండి దొరకలేదు. దొరికాక, కాలిన తీగ మళ్లీ చుట్టే వైండింగ్ అంగడి దగ్గర వరుస. ఈలోగా ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి. అంచు సాళ్లు మొదట ఎండాయి, తర్వాత నడిమివి. పాత కరువులో మొగుడూ తనూ ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించుకున్న చెట్లవి. ఎండిన చెట్లు కొట్టేవాళ్లు వచ్చిన రోజు ఆమె తోటకు పోలేదు.

తొలకరి పడ్డాక తిప్పయ్య సరైన పెట్టె తీసుకుని ఇంటికొచ్చాడు.

"నాదే తప్పు పెద్దమ్మా. ముందే బ్యాండు సంగతి అడిగి తెచ్చింటే..."

"నువ్వేమన్నా టవరు కట్టినావా? ఎత్తుకొని పోప్పా. పల్లంలో తోట ఉండేవాళ్లకు ఎవురికన్నా పెట్టు."

అతను పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటి రోజు నుంచి ఆంజినమ్మ పక్క వీధిలో విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కూలికి పోతోంది. అది కూర్చుని చేసే పని.