పరుగు ఆపుకోలేని డ్రమ్మరు

మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలయింది. పై వాటాలో డ్రమ్ములు మొదలయ్యాయో లేదో, కింది వాటా డిట్మార్ మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ల మనిషి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని మరీ కేకలు. ఎదురు వాటాలోంచి ఏసుకుమారి తలుపు ఓరగా తీసి చూసింది. జర్మను ఆమెకు రాదు. తగువు చూడ్డానికి భాషెందుకు?

డ్రమ్ములు ఆపి సూజీ కిందికి దిగింది. గొంతు పెంచలేదు. గోడకు అంటించిన ఇంటి నియమాల కాగితం మీద ఒక వరస చూపించింది: ఒంటిగంట నుంచి మూడు వరకే చప్పుడు కూడదు. తర్వాత ఫోనులో టైము చూపించింది. ఆ తర్వాత అతని గడ్డం కింద వేలాడుతున్న మాస్కు చూపించింది. డిట్మార్ దాన్ని పైకి లాక్కుని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

సూజీ కాకినాడ పిల్ల. జర్మనీలో పాడర్‌బోర్న్ యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతోంది. పన్నెండో ఏట నుంచీ చర్చిలో డ్రమ్ములు వాయించింది. కిందటి చలికాలం యూనివర్సిటీ క్యాంటీన్ గోడ మీద డ్రమ్మరు కావాలన్న కాగితం చూసి వెళ్లింది. సైకిళ్ల కొట్టు కింద సెల్లారులో ఇద్దరున్నారు. గిటారు యెన్స్‌ది, పాట తోర్‌స్టెన్‌ది. బ్యాండు పేరు పాడర్‌ఫాల్కే, అంటే పాడర్ నది డేగ. వాయించేది పవర్ మెటల్, రాక్ సంగీతంలో ఒక రకం. అందులో డ్రమ్ము గుర్రంలా దౌడు తీయాలి, పాడేవాడి గొంతు మేడెక్కి కూర్చోవాలి, పాటనిండా రాజులూ కత్తులూ మంటలూ. ఏసుకుమారి ఒక పాటకు అర్థం చెప్పించుకుని, "ఇంతమంది చచ్చారు, ఒక్కణ్ణీ పూడ్చలేదేంటి?" అంది.

ఏప్రిల్‌లో వాళ్ల మొదటి కచేరీ జరగాల్సింది. మార్చిలోనే కరోనా వచ్చి ఊరు మూతపడింది, సెల్లారుకు తాళం పడింది. కూతురి కాన్పుకని నరసాపురం నుంచి వచ్చిన ఏసుకుమారి తిరుగు విమానమూ రద్దయింది. బ్యాండు ముగ్గురూ ఎవరి గదిలో వాళ్లు వాయించి, అన్నీ కలిపి నాలుగు పాటలు బయటపెడదామనుకున్నారు. ముందు డ్రమ్ము రికార్డు కావాలి. దాని మీద గిటారు, ఆపైన గొంతు. సూజీ రబ్బరు పలకల ఎలక్ట్రానిక్ డ్రమ్ములు తెచ్చుకుని గదిలో మొదలెట్టింది.

ఏసుకుమారి వారం రోజులు తన నెత్తి మీద ఒకే పాట దడదడలు విన్నది. ఎనిమిదో రోజు మెట్లెక్కి తలుపు కొట్టింది.

"గొడవకొచ్చారా అమ్మమ్మగారూ?"

"గొడవకొస్తే నాకూ ఆ కాగితం చూపిస్తావుగా. పల్లవి వచ్చేసరికి ఎందుకే ఆ పరుగు? కుక్కేమన్నా తరుముతోందా?"

సూజీ గుమ్మంలో కూలబడింది. యెన్స్‌దీ అదే మాటట. చర్చిలో ఆరాధన వేడెక్కేకొద్దీ డ్రమ్ము జోరెక్కాలి, జనం చప్పట్లు దాని వెంట రావాలి. చేతులకు అదే అలవాటయింది. చెవిలో మెషీను టిక్కుటిక్కుమని లెక్క చెబుతూనే ఉన్నా, పల్లవి రాగానే ఆమెకది వినపడదు. అలా పరిగెత్తిన డ్రమ్ము మీద గిటారు కూర్చోవడం లేదు.

"ఆదివారం లోపు కుదరకపోతే కంప్యూటర్‌తో కొట్టించేస్తారంటండి."

"మరి నువ్వో?"

"నేనెందుకండీ ఇంక?"

నరసాపురం చర్చిలో ఏసుకుమారి ముప్పై ఏళ్లు ముందు వరసలో కూర్చుని తాళాలు వేసింది.

"మా డ్రమ్మర్లూ నీలాంటివాళ్లే. ఎంత ఎగిరినా నా తాళం దగ్గరికొచ్చి ఆగేవాళ్లు. పాస్టరుగారే జోరు పెంచమన్నా పెంచలేదు నేను. చదువంటావా, ఐదో క్లాసు. లెక్క మాత్రం తప్పను," అని దిగిపోయింది.

శనివారం పొద్దున్నే సూజీ వచ్చి గుమ్మానికి రెండడుగులు ఎడంగా నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రేపే ఆఖరండి. మీరొకసారి పైకి రావాలి. నా ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టండి. అవి రికార్డులో పడవులెండి, డ్రమ్ము వైరులోంచి వెళ్తుంది. ఆ టిక్కుటిక్కు మీ చెవిలోనూ పెడతాను. నేను ఎంత పరిగెత్తినా, ఎంత ఏడుపు మొహం పెట్టినా, మీరు మాత్రం నా వెంట రాకండి."