బాల్కనీ గదిలో రెండో కుర్చీ

దెయ్యాలంటే భయపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. మాది రాజోలులో ఎరువుల కొట్టు. విప్పి మళ్ళీ కుట్టిన బస్తాని వీధిలోంచే పట్టేస్తాను. ఎవరేం చెప్పినా ముందు కుట్టు చూస్తాను, తర్వాతే నమ్ముతాను. అలాంటిదాన్ని ఇలాంటి సంగతి చెబుతున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మా నాన్న సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగు. మనుషుల్నీ, సైకిళ్ళనీ, గేదెల్నీ ఎక్కించుకుని నర్సాపురానికీ ఇక్కడికీ గోదావరి దాటించడమే ఆయన పని. మా ఇల్లు రేవు పక్కనే. సాయంత్రమైతే వీధిలో అందరూ గోదారికేసి తిరిగి కూర్చునేవారు. మా నాన్న ఒక్కడే తన చెక్క కుర్చీని వెనక్కి తిప్పి, గోదారికి వీపు పెట్టి, ఇంటికేసి చూస్తూ కూర్చునేవాడు. ఎదురుగా గుమ్మంలో అమ్మ బియ్యం ఏరుకుంటూ ఉండేది.

"పొద్దస్తమానం ఆ నీళ్ళనే చూస్తన్నాను. ఇంటికొచ్చి కూడా అవేనా? నిన్ను చూడనియ్యి," అనేవాడు. పిల్లల ముందు ఆ మాటలేంటని అమ్మ కసురుకునేది. కసురుకునేదే గానీ, మర్నాడు సాయంత్రం కూడా సరిగ్గా అక్కడే కూర్చునేది.

తొంభైల చివర్లో నాన్న గుండె ఆగి ఇంట్లోనే పోయాడు. దినం అయిన మర్నాడు అమ్మ రేవు వైపు తలుపు గడియ పెట్టేసింది. కుర్చీ అటకెక్కించింది. అప్పట్నుంచీ రాకపోకలన్నీ పెరటి గుమ్మంలోంచే. వీధిలోకి వెళ్ళినా గోదారి కనపడే వైపు కొంగు అడ్డం పెట్టుకుని నడిచేది. ఎందుకమ్మా అంటే "చూడలేనే" అనేది, అంతకు మించి ఒక్క ముక్క లేదు. అలా ఏడెనిమిదేళ్ళు. నీళ్ళ పక్కనే పుట్టి, నీళ్ళ పక్కనే కాపరం చేసిన మనిషి అలా తలుపేసుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

రెండువేల ఆరో ఏడో, మాకు సరుకు వేసే కంపెనీ వాళ్ళు ఆ ఏడాది బాగా అమ్మిన డీలర్లని జంటగా సింగపూరు ఓడ ప్రయాణానికి తీసుకెళ్తామన్నారు. నాలుగు రాత్రులు సముద్రం మీద. అందరూ ఎగిరి గంతేశారు, మా ఆయన తప్ప. ఈయన పంటు ఎక్కితే అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్ళు తెరవడు. సరంగు కూతుర్ని ఎలా చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. తన బదులు అత్తగారిని పంపిస్తానని కంపెనీ వాళ్ళని ఒప్పించి, ఆవిణ్ణి ఒప్పించడానికి తనే సఖినేటిపల్లి వెళ్ళాడు.

"అత్తయ్యగారండీ, పేరుకే ఓడండి. లోపల మన కళ్యాణమండపాల్లాంటివి పదుంటాయంటండి. నీళ్ళన్నవే కనపడవంటండి," అన్నాడు.

అల్లుడి మాట తీసెయ్యలేక అమ్మ "ఆయ్" అంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "కిటికీ లేని గది ఉంటే అది తీసుకోవే," అంది.

టిక్కెట్లు చూసే కుర్రాడు ఓడ పటం తెచ్చి మా కొట్టు బల్ల మీద పరిచాడు. గాలికి లేచిపోకుండా నాలుగు మూలలా విత్తనాల పొట్లాలు పెట్టాం. కంపెనీ ఇచ్చేవి లోపలి గదులు, వాటికి కిటికీలుండవు. పైన కొంచెం మనం వేసుకుంటే బాల్కనీ గది ఇస్తారు. తలుపు తీస్తే రెండు కుర్చీలు, కటకటాలు, ఆ తర్వాత సముద్రమే.

అమ్మ అడిగిన గది పుణ్యానికే వస్తోంది. తీసుకుంటే గొడవే లేదు. కానీ ఇంట్లో ఒక తలుపు మూసుకుని కూర్చున్న మనిషిని అంత దూరం తీసుకెళ్ళి అసలు కిటికీయే లేని పెట్టెలో పెట్టడమా? నా మనసు ఒప్పుకోలేదు. అమ్మకి చెప్పకుండా బాల్కనీ గది రాయించాను. అది మంచి పనో మొండి పనో నాకే తెలీలేదు.

ఓడ ఎక్కాక, గదిలో అడుగు పెట్టగానే ఎదురుగా అద్దం తలుపు నిండా నీళ్ళు. అమ్మ నాకేసి ఒక్క చూపు చూసింది. తెర లాగేసి, మంచం మీద గోడకేసి తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమంతా, ఎరక్కపోయి తెచ్చాన్రా బాబూ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు తెల్లారి తెర కొంచెం తప్పించి చూశాను. ముందురోజు రెండు కుర్చీలూ సముద్రంకేసి ఉన్నాయి, నేనే చూశాను. ఇప్పుడు ఒకటి తిరిగి ఉంది. కటకటాలకి వీపు పెట్టి, గదికేసి చూస్తోంది. అమ్మ నేను లేవకముందే బయటికి వెళ్ళొచ్చిందన్నమాట అనుకుని లోలోపల సంతోషపడ్డాను. చప్పుడు చెయ్యకుండా కుర్చీ సరిచేసి వచ్చాను.

ఆ రోజు అమ్మ తడిపిన చీర ఆ కుర్చీల మీదే ఆరేయించింది. గది చూసే అబ్బాయి వచ్చి, ఇలా ఆరెయ్యకూడదని చేతులు కట్టుకుని చెప్పి, చీర మడిచిచ్చి, రెండు కుర్చీలూ సముద్రంకేసి సర్ది వెళ్ళాడు. మాతో వచ్చిన డీలర్ల ఆడవాళ్ళు ఈ సంగతి విని భోజనాల దగ్గర ఒకటే నవ్వు. వాళ్ళూ ఆవకాయ జాడీలు మోసుకొచ్చినవాళ్ళే.

మూడోరోజు పొద్దున్న మళ్ళీ అదే కుర్చీ, మళ్ళీ గదికేసే. నేను తిప్పుతుంటే వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది.

"రోజూ ఎందుకే దాన్ని గదికేసి తిప్పి పెడతన్నావు? నిన్నా చూసేను. నన్నేడిపించడానికా?"

"నేను తిప్పడమేంటమ్మా! నువ్వు కాదూ?"

ఇద్దరం ఒట్లు వేసుకున్నాం. అమ్మ అబద్ధం చెప్పదు. నేను కొట్టు బల్ల దగ్గర తప్ప చెప్పను.

అప్పుడు నాలో కొట్టు మనిషి లేచింది. సామాన్లు కట్టడానికి తెచ్చుకున్న బస్తా దారం ఉంది. ఆ రాత్రి పడుకోబోయే ముందు రెండు కుర్చీలూ నీళ్ళకేసి పెట్టి, తలుపు గడియ వేసి, గడియకీ పిడికీ కలిపి ఆ దారంతో కట్టాను. మా కొట్లో బస్తా మూతికి నేను వేసే ముడి అది. ఇంకొకరు విప్పితే మళ్ళీ అలా వెయ్యలేరు.

పొద్దున్న లేచి ముందు ముడి చూశాను. వేసింది వేసినట్టే ఉంది. తెర తీశాను. రాత్రి సన్నగా చినుకులు పడ్డట్టున్నాయి, బాల్కనీ నేలంతా తడి. దాని మీద అడుగు జాడ ఒక్కటి లేదు. బల్ల మీద నేను మర్చిపోయిన కాగితం కప్పు ఉన్నచోటే నిలబడి ఉంది. గాలైతే ముందు దాన్ని కదా ఎత్తుకుపోవాలి. కుర్చీ మాత్రం తిరిగే ఉంది.

అమ్మని లేపాను. లేచి వచ్చి ముడి చూసింది, కుర్చీని చూసింది. చాలాసేపు చూసింది.

"తలుపు తియ్యి," అంది.

దారం కోసి తీశాను. అమ్మ బయటికి వెళ్ళి రెండో కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుని, ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుంది. ఇంటి దగ్గర గుమ్మంలో కూర్చున్నట్టే కూర్చుంది. ముందు కుర్చీకేసే చూసింది. కాసేపటికి చూపు మెల్లగా పైకి లేచి, దాని వెనక సముద్రం దాకా వెళ్ళింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"గోదారిని నేనెప్పుడు సరిగ్గా చూసేనే?" అంది నాకేసి తిరక్కుండానే. "ఆయన భుజం మీంచి ఎంత కనపడితే అంతే. ఆయన పోయేక అదంతా ఒక్కసారే కనపడింది. తట్టుకోలేకపోయేను."

ఇన్నేళ్ళుగా నేను అడిగినదానికి జవాబు అది. గుమ్మంలో నిలబడే ఏడ్చేశాను. అమ్మ మాత్రం నవ్వుతోంది.

గది చూసే అబ్బాయి వచ్చి కుర్చీ సరిచెయ్యబోతే, "ఉండనీ బాబూ," అంది తెలుగులోనే. అతనికి అర్థమైంది. మా కుర్చీ తిప్పింది నువ్వా అని నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో అడిగితే, మధ్యాహ్నం సర్దడమే గానీ రాత్రిపూట ఎవరూ రారన్నాడు. ఆ తర్వాత మేం దాన్ని సరిచెయ్యలేదు కాబట్టి మళ్ళీ తిరిగేదో లేదో చెప్పలేను. ఆ రోజంతా అమ్మ అక్కడే. భోజనం కూడా గదికే తెప్పించుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన అంతా విని, "నీ ముడే వదులైపోయుంటుంది," అన్నాడు. నా ముడికి వంక పెట్టినవాడు ఇన్నేళ్ళలో ఈయనొక్కడే. ఓడ ఊగి ఉంటుందని ఇంకొకరన్నారు. ఊగితే రెండు కుర్చీలూ తిరగాలి. మూడు రాత్రులూ ఒక్కటే తిరగడం ఏమిటో, అదీ సగం సగం కాకుండా చక్కగా గుమ్మంకేసే తిరగడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

సఖినేటిపల్లి చేరిన రోజే అమ్మ రేవు వైపు తలుపు తీసింది. ఏడెనిమిదేళ్ళ తుప్పు, గడియని సుత్తితో కొట్టాల్సి వచ్చింది. అటక మీంచి చెక్క కుర్చీ దింపించి తుడిచింది. ఇప్పటికీ సాయంత్రమైతే దాన్ని గోదారికి వీపు పెట్టి వేసి, ఎదురుగా గుమ్మంలో బియ్యం చేటతో కూర్చుంటుంది. నేను వెళ్ళినప్పుడు పొరపాటున దాంట్లో కూర్చోబోతే, "అటు పక్కకి కూర్చోవే, కనపడొద్దూ," అంటుంది.

ఆ కుర్చీని అమ్మే తిప్పుతుంది. అది నేను కళ్ళారా చూస్తాను. ఓడలో కుర్చీని ఎవరు తిప్పారో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు. అమ్మని అడిగితే, తెలిసిన సంగతే కదా అన్నట్టు చూసి, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది.