ఊరికే కూర్చునే పది నిమిషాలు

అచ్చాఫీసులో అందరూ బక్కోడు అని పిలిచే అతను ఇప్పుడు పెద్ద మిషన్ మీద మేస్త్రి. కాగితపు కట్టలు భుజాన వేసుకుని చకచకా మెట్లెక్కుతాడు. అలా ఎక్కగలుగుతున్నాడంటే అదంతా కాగితాలు కోసే కటింగ్ అత్త చలవే. ఉన్నమాట చెప్పడానికి మొహమాటమెందుకు!

పంతొమ్మిదో ఏట పనిలో చేరినప్పుడు అతనికి సిగరెట్ వాసనే పడేది కాదు. పొద్దుట్నుంచీ నిలబడే ఉద్యోగం. అక్కడో దిక్కుమాలిన పద్ధతి ఉండేది. పదకొండింటికి సిగరెట్ తాగేవాళ్ళు వెనక మెట్ల మీద పది నిమిషాలు కూర్చోవచ్చు. తాగనివాళ్ళు ఆ కూర్చున్నవాళ్ళ మిషన్లు కూడా చూసుకోవాలి. బుద్ధిగా ఉన్నందుకు బహుమతి అన్నమాట! కాళ్ళు పీకేస్తుంటే ఓ రోజు కాసేపు కూర్చుంటానన్నాడు.

"సిగరెట్టా?" అన్నాడు మేనేజరు.

"కాదండీ."

"అయితే వెళ్ళి మిషన్లో కాగితం పెట్టు."

మర్నాడు ఎవరినో ఒకటి అడిగి వేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఉత్తినే పట్టుకుంటే చాలనుకున్నాడు, పిచ్చి సన్నాసి. "పెన్సిల్లా పట్టుకున్నావేంట్రా?" అని తోటివాళ్ళు పకపకా నవ్వి, వెలిగించేదాకా ఊరుకోలేదు. ఏడాది తిరిగేసరికి రోజుకో పెట్టె అయింది. కట్ట ఎత్తితే ఆయాసం. మానేస్తానని మూడుసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. మెట్ల దగ్గరికి వెళ్తే చెయ్యి ఆగదు, వెళ్ళకపోతే కూర్చునే దారి లేదు.

కాగితం కోసే అత్త ఇదంతా కనిపెడుతూనే ఉంది. ఓ రోజు సరిగ్గా పదకొండింటికి కటింగ్ మిషన్ ఆపి, చేతులు దులుపుకుని, వచ్చి అతని పక్కన చతికిలబడింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "నువ్వు తాగవు కదా?"

"తాగను. కూర్చుంటాను."

"పని పోతుంది, చూసుకో!"

"పోతే పోనీండి. పొగ తాగేవాళ్ళకే కాళ్ళు నొప్పెడతాయని ఏ పుస్తకంలో అచ్చేశారండీ?"

మెట్ల మీద నవ్వులే నవ్వులు. ఆవిడ మాత్రం లేవలేదు. మర్నాడు బైండింగ్ వాళ్ళిద్దరు కూడా వచ్చి కూర్చున్నారు. వారం తిరక్కుండా మేనేజరు దిగొచ్చాడు. పది నిమిషాలు అందరికీ, సిగరెట్లు గేటు బయట. ఆ పది నిమిషాలూ అత్త బక్కోణ్ణి తన పక్కనుంచి కదలనిచ్చేది కాదు. సిగరెట్ మీదకి మనసు పోతే చేతిలో గుప్పెడు బఠాణీలు పోసేది, విసుక్కుంటే చెడామడా తిట్టేది. పూర్తిగా మానడానికి ఆరు నెలలు పట్టింది.

అత్త రిటైరైన రోజు అతను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అత్తా! నేనేమవుతానని నాకోసం ఉద్యోగం మీదకి తెచ్చుకున్నావు?"

ఆవిడ కొంగుతో అతని కళ్ళు తుడిచింది.

"మా తమ్ముడు కూడా కూర్చోడానికేరా సిగరెట్ మొదలెట్టాడు," అంది.

పదిహేనేళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడకో తమ్ముడుండేవాడని అతనికి తెలిసింది ఆ రోజే.