పురుగులత్త పూచీ

ఆ కలుపుకి వయ్యారిభామ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దాన్ని ఒక్కసారైనా ముట్టుకుని ఉండడు. తెల్లటి చిన్న పూలు, చీలికల ఆకు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తాకితే దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. ఎప్పుడో ధాన్యం బస్తాల్లో దొంగలా వచ్చి, ఏకు మేకై, మేత బీళ్ళలో గడ్డిపోచ మిగల్చకుండా చేసింది.

దాని అంతు చూడటమే పురుగులత్త ఉద్యోగం. ఆ పేరు పెట్టింది అన్నగారి పిల్లలు. కలుపు నివారణ కేంద్రం వెనక రేకుల షెడ్డులో, దోమతెర బిగించిన చెక్కపెట్టెల్లో ఆమె చారల పెంకుపురుగుల్ని పెంచుతుంది. ఆ పురుగులు వయ్యారిభామ దొరికితే మరో ఆకు జోలికి పోవు. రోజూ పొద్దున్నే తొడుగులు వేసుకుని లేత కొమ్మలు కోసుకొస్తుంది. ఆకుల అడుగున గుడ్లు వెతుకుతుంది. పిల్లపురుగుల్ని మెత్తటి కుంచెతో కొత్త ఆకు మీదికి చేరుస్తుంది. "మొగుడికైనా ఇంత సేవ చేశావా?" అని వదిన ఏడిపిస్తే, "ఆయన ఇలా పెట్టింది తినేవాడు కాదు వదినా" అనేది. ఆయన పోయి చాలా కాలమైంది.

అన్నయ్యకున్నదల్లా ఓ బీడు, ఓ గొర్రెల మంద. మేత లేక గొర్రెలు ఆ కలుపునే కొరికాయి. మూతులు పుళ్ళు పడ్డాయి. గొర్రెపిల్లలు కూడా మూతి పెట్టనంతగా పాలు చేదెక్కాయి. మందని కొనడానికి బేరగాడొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మకన్నయ్యా. వచ్చే ఏటి వానలదాకా ఓపిక పట్టు. గడ్డి మొలిపించే పూచీ నాది," అంది పురుగులత్త. అన్నయ్య బేరగాడిని పంపేశాడు.

ఆ ఏడే షెడ్డులో బూజు తగిలి పెట్టెలకి పెట్టెలే ఖాళీ అయ్యాయి. విత్తనానికని దాచిన తల్లిపెట్టె ఒక్కటే మిగిలింది. దాన్ని మాత్రం బయటికి తియ్యకూడదు. విత్తనాలు వండుకుంటే మరో పంట ఉండదు. పురుగులత్త దాన్ని చంకన పెట్టుకుని అన్న బీటికి తెచ్చి మూత తీసేసింది.

పురుగులు మాట దక్కించాయి. కలుపు పుల్లలు పుల్లలుగా నిలబడిపోయింది. వానలు వెనకబట్టేసరికి బీటి మూల ఒక్క గుబురు మిగిలితే, పురుగులన్నీ అక్కడికే చేరాయి. అక్కడ పొట్ట నింపుకుని మట్టిలోకి దిగి ఎండాకాలమంతా నిద్రపోతాయి, తొలకరికి లేచి కొత్త మొలకల మీద పడతాయి. ఈ సంగతి పురుగులత్తకి ఎంత బాగా తెలుసంటే, ఇంకొకరికి చెప్పాలని కూడా తోచలేదు. అన్నం తినకపోతే నీరసం వస్తుందని ఎవరికి చెబుతాం?

ఓ సాయంత్రం వదిన ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ చేతుల నిండా దద్దుర్లతో నవ్వుతూ నిలబడ్డారు. బీటి మూల నున్నగా ఉంది. పక్కన బూడిదకుప్ప.

"ఇంత చేశావు, ఆ కాస్తా నీకెందుకు శ్రమ అని మేమే పీకి కాల్చేశాం," అన్నాడు అన్నయ్య. "పీడ విరగడైపోయింది."

"పురుగుల్ని దులిపారా?"

"వాటి పని అయిపోయిందిగా," అంది వదిన.

పురుగులత్త కూలబడి బూడిద కెలికింది. వేళ్ళకి తగిలిందల్లా పొడైపోయింది. తిడదామంటే ఆ దద్దుర్ల చేతులు చూసి నోరు రాలేదు. ఏడ్చింది. వాళ్ళు అది సంతోషమనుకున్నారు.

ఆ వేసవంతా ఆమె కంటికి కునుకు లేదు. తెలిసిన ప్రతి కేంద్రానికీ ఫోన్ చేసి గుప్పెడు పురుగులు పంపమని బతిమాలింది. అందరి దగ్గరా బూజే. మట్టిలో వయ్యారిభామ గింజలు ఏళ్ళ తరబడి చావవు. అందుకని వాన పడకపోతే బాగుండుననుకుంది. గొర్రెలవాళ్ళింట పుట్టి అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వాన పడింది, బీడు పచ్చబడింది. అన్నయ్య ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

"చూడు, ఎంత ఒత్తుగా వచ్చిందో గడ్డి. మాట నిలబెట్టావే."

ఆమె వంగి చూసింది. వెతికిన చోటల్లా చీలికల ఆకే. దొడ్లో గొర్రెలు తలుపు తియ్యమని అరుస్తున్నాయి.

"తలుపు తియ్యకన్నయ్యా. బేరగాడికి కబురు పెట్టు."

అన్నయ్య నవ్వబోయి ఆగాడు. ఒక మొలక గిల్లి వాసన చూశాడు. కాసేపటిదాకా దాన్ని పారెయ్యలేదు.

"మేం ఆ గుబురు పీకినందుకా?"

"కాదన్నయ్యా," అంది పురుగులత్త. "నా పురుగులే చేతకానివి."